ఊక అంటిన మంచు

"మూడింటికి నేను ఫోన్ చేస్తాను పైడక్కా. కొండ మీద వెతుకుతున్నవాళ్ళని దిగిపొమ్మంటాను. అంతటితో ఈ ఫైలు మూసేసినట్టే," అన్నాడు జార్జి, గదిలో ఉండి కూడా నల్లద్దాలు తియ్యకుండా.

డిటెక్టివ్ పైడితల్లి బల్ల మీదున్న ఎర్ర బ్యాగు చుట్టూ రెండోసారి తిరుగుతోంది.

బర్మాలో, లత పేటలో ఒక మేడ రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. "మంచుకొండ యాత్రలు" అని బోర్డు. గోడల నిండా తెల్లటి కొండల ఫొటోలు. వచ్చిన కస్టమర్లకి కొండ మీదే ఉన్నట్టు అనిపించాలని ఏసీ పళ్ళు కొరికేలా పెట్టి, యజమాని కనకరాజు మాత్రం మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. కిటికీ పక్కన స్టూలు మీద అతని దగ్గర పనిచేసే పెద్ద గైడు మైకేల్ ఉన్నాడు. ఉన్నాడన్న మాటే గానీ పొద్దుట్నుంచీ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

ఆ బ్యాగు సూరిది. సూరి పజుండౌంగ్ పేట మనిషి. తాతా తండ్రీ రేవులో మూటలు మోస్తే, ఇతను ఉత్తరాన పుటావో ఊరికి అవతల మంచు కొండల్లో యాత్రికులకి దారి చూపిస్తాడు. పది రోజుల కిందట తెల్లకనుమ అనే చోట మంచు చరియ విరిగిపడి సూరిని కప్పేసిందని కనకరాజు కబురు చెప్పాడు. కుర్రాడి అజాగ్రత్తే కొంప ముంచిందని కూడా అన్నాడు. అప్పట్నుంచీ ఆ మంచుదిబ్బలో పొడుగాటి కర్రలు గుచ్చి గుచ్చి వెతుకుతున్నారు.

సూరి పెళ్ళాం పద్మినికి ఏడో నెల. కేసు అప్పగిస్తూ ఆమె పైడితల్లి చెయ్యి పట్టుకుని ఒక్కటే మాటంది. "అక్కా, మా ఆయన ఆ మంచు కింద లేడు. మరి ఎక్కడున్నాడో నువ్వే తేల్చాలి."

మూడింటికి ఆ ఫోన్ వెళ్ళిందంటే వెతికేవాళ్ళు దిగిపోతారు. సూరి ఎక్కడున్నా సరే, ఇక అతని కోసం కొండెక్కే మనిషి ఉండడు.

మిగతా డిటెక్టివులు తెలివితో కేసులు పట్టుకుంటారు. పైడితల్లి దిగులుతో పట్టుకుంటుంది. గ్యాసు కట్టేశానా లేదా అని గుమ్మం దాటి రెండుసార్లు వెనక్కొచ్చే మనిషి, పిల్లాడు తుమ్మితే ఎందుకు తుమ్మాడో తేలేదాకా నిద్రపోని మనిషి. అలాంటి మనిషి చేతికి ఒక బ్యాగు దొరికితే దాన్ని వదుల్తుందా మరి?

"కనకరాజు గారూ, ఈ బ్యాగు ఎవరికి దొరికింది?"

"కూలీలకమ్మా. చరియ పడిన చోట పైపైనే దొరికింది. మనిషి మాత్రం లోతుకి పోయేడు, పాపం. ఫొటో కూడా తీసి పంపేరు. చూడండి."

ఫోన్‌లో ఫొటో చూపించాడు. తెల్లటి గుట్టలో సగం కూరుకుపోయిన ఎర్ర బ్యాగు. పక్కనే కుర్చీలో ఉన్న పద్మిని ముఖం తిప్పేసుకుంది.

"మీరెప్పుడైనా ఆ కొండకి వెళ్ళేరా?"

"నేనా?" కనకరాజు మఫ్లరు బిగించుకున్నాడు. "నాకు చలి పడదమ్మా. టాన్సిల్స్."

జార్జి కిసుక్కున నవ్వాడు. జార్జి మాజీ పోలీసు, ఇప్పుడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ. ఈ కేసులో కనకరాజు తరఫు మనిషి. వెతికేవాళ్ళతో మాట్లాడే శాటిలైట్ ఫోన్ అతని చేతిలోనే ఉంది. పైడితల్లీ అతనూ ఒకే వీధిలో గోళీలాడుకున్నవాళ్ళు. ఇప్పుడు ఒకళ్ళ కేసు ఒకళ్ళు లాక్కుంటారు.

"పైడక్కా, ఆయన సంగతి సరే. నువ్వు మంచెక్కడ చూసేవు? ఫ్రిజ్జులోనా?"

"ఫ్రిజ్జులోనేరా. నువ్వేటి, ఫలూదాలో చూసేవా?" అంటూనే ఆమె బ్యాగు ముందు జేబు తడిమింది. "కనకరాజు గారూ, ఈ పొడుగు జేబు దేనికి?"

"ఏవో సామాన్లకి..."

"పారకి," అంది పద్మిని. కంఠం సన్నగా ఉన్నా తడబడలేదు. "మంచులో నడిచేవాళ్ళు చిన్న పార, మడత కర్ర ఇందులో పెట్టుకుంటారు. ఎవరైనా చరియ కింద పడితే కర్రతో గుచ్చి చూసి పారతో తవ్వడానికి. మా ఆయన ఇంట్లో కూడా ఆ జేబు ఖాళీగా ఉంచడు."

పైడితల్లి జేబు జిప్పు తీసింది. మొత్తం మూసున్న జిప్పు. లోపల చెయ్యి పెట్టి తిప్పింది. పార లేదు, కర్ర లేదు.

"చూసేవా జార్జీ? మంచు చరియ వచ్చింది. జిప్పు తీసింది. పార, కర్ర పట్టుకుంది. మళ్ళీ జిప్పేసి, బ్యాగు బద్రంగా పైన పెట్టి ఎళ్ళిపోయింది. ఎంత మర్యాదగల చరియరా!"

ఈ పది రోజుల్లో పద్మిని మొదటిసారి నవ్వింది. నవ్వి, నవ్వినందుకు తనే ఉలిక్కిపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పార చేత్తో పట్టుకుని నడిచేడేమో," అన్నాడు జార్జి.

"రెండు చేతుల్లోనూ ఊతకర్రలుంటాయి. మూడో చేత్తోనా?" పైడితల్లి బ్యాగు పట్టీకున్న వెల్‌క్రో అతుకు చర్రుమని లాగింది. గరుకు గరుకుగా ఉండే ఆ అతుక్కి ఏదైనా అంటుకుంటే ఒక పట్టాన వదలదు. చంటిపిల్లల బూట్లతో వేగిన మనిషి కాబట్టి ఆమెకి ఆ సంగతి బాగా తెలుసు. అతుకు నిండా గోధుమరంగు పొట్టు. గోటితో తీసి వాసన చూసింది. ముక్కు చిట్లించింది. మళ్ళీ చూసింది.

తర్వాత ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. బ్యాగు పక్కనున్న గడ్డలు అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్కో గడ్డ నడుమ మాత్రం పాలచుక్క వేసినట్టు తెల్లటి కడ్డీ.

"ఈ ఫొటో నా ఫోన్‌కి పంపించండి. పద్మినీ, పదమ్మా, టాక్సీ ఎక్కుదాం."

"ఎక్కడికి?" జార్జి లేచాడు.

"కూరకి చేపలు కొనుక్కోవాలి."

"అక్కా, మూడంటే మూడే!"

"నీ వాచీ ముందుకి తిప్పకు. పరీక్ష హాల్లో తిప్పినట్టు."

*

టాక్సీ కదిలిందో లేదో అత్తగారు అమ్ములు ఫోన్.

"కోడలా, చిన్నబ్బాయి బటాణీ గింజ మింగేడు."

పైడితల్లి సీట్లో ముందుకి జరిగింది. "ఉడికిందా, పచ్చిదా? దగ్గుతున్నాడా? పెదాలు ఏ రంగుగా ఉన్నాయి?"

"ఉడికిందే. పక్కన కూర్చుని ఇంకోటడుగుతున్నాడు. నీకు చెప్పకపోతే తర్వాత తెలిసి గొడవ చేస్తావని చెప్తన్నాను."

ఫోన్ పెట్టేసి ఊపిరి వదిలింది. పద్మిని ఆమె వైపు తిరిగింది. "అక్కా, నువ్వు ఇంత బయపడతావు కదా, ఈ పనెందుకు చేస్తున్నావు?"

"ఇంట్లో బయపడితే ఊరికే పోతాదమ్మా. బయట బయపడితే పదిమందికి పనికొస్తాది," అంది పైడితల్లి. "ఆయన ఆఖరి మెసేజి ఇంకోసారి పెట్టు."

ఊళ్ళో సిగ్నల్ దొరికినప్పుడల్లా సూరి పెళ్ళానికి మాటలు రికార్డు చేసి పంపేవాడు. ముద్దు మాటలకంటే మంచు మాటలే ఎక్కువ. పిల్లాడికి జావ కలుపుతూ పైడితల్లి అవన్నీ వినేసింది. ఇదే ఆఖరుది, కనుమకి వెళ్ళే ముందు గుడిసె దగ్గర గైడుల ఫోన్ నుంచి పంపించాడు.

"పద్మినీ, ఇయాళ కొండ మూలిగింది. అడుగేస్తే లోపల గుఫ్ మని కూలబడిన చప్పుడు. ఆ చప్పుడు విన్నాక నేను ముందుకి అడుగెయ్యను, ఎవర్నీ వెయ్యనివ్వను. నీ మీదొట్టు."

"ఒట్టేసేక ఆయన దాటడు," అంది పద్మిని. "సిగరెట్ కూడా అలాగే మానేసేడు."

చిమిండైంగ్ రేవు పక్కన చేపల బజారు మధ్యాన్నానికి సద్దుమణిగింది. ఐసు దిమ్మలు దింపే గట్టు మీద మాత్రం ఇద్దరు మనుషులు కొడవళ్ళలాంటి కొక్కేలతో దిమ్మలు లాగుతున్నారు. కరిగిపోకుండా ఆ దిమ్మల మీద ధాన్యం ఊక దట్టంగా కప్పి ఉంది. పైడితల్లి వంగి ఒక గుప్పెడు ఊక తీసుకుంది. రుమాల్లో దాచిన పొట్టు పక్కన పెట్టి చూసింది. అదే రంగు, అదే నలుగుడు. వాసన కూడా అదే, పులస కడిగిన నీళ్ళ వాసన.

అప్పుడే ఒక దిమ్మ జారి కిందపడి భళ్ళున పగిలింది. బయటంతా అద్దం, నడుమ తెల్లటి కడ్డీ.

"పద్మినీ, ఇలా రా. నువ్వెప్పుడైనా మంచు ఫొటోలు చూసేవా?"

"మా ఆయన వందలు పంపేడు."

"అందులో ఎక్కడైనా ఇలా అద్దంలా ఉందా?"

"లేదక్కా. చరియ పడ్డ మంచైతే మరీని. ముద్దలు ముద్దలుగా, సిమెంటులా బిగిసిపోయి ఉంటాదట. పార కూడా దిగదట." పద్మిని కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "అక్కా... ఆ ఫొటో ఇక్కడ..."

"ఎవరమ్మా అది, నా గట్టు తొక్కుతున్నారు?" అని కేకేసింది చేపల బుట్టల వెనక నుంచి ఒకావిడ. బుగ్గలకి తనఖా చెక్క గంధం పూసుకుని, రబ్బరు బూట్లు వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని. డోరతీ అని, ఆదివారం చర్చిలో పాటలు పాడేదీ ఈమే, మిగతా ఆరు రోజులు ఇక్కడ అరిచేదీ ఈమే.

పైడితల్లి ఫొటో చూపించిందో లేదో, డోరతీ బొజ్జ పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"ఓలమ్మో! ఈ పిచ్చోడా! మఫ్లరు చుట్టుకుని వచ్చేడు. బుట్టెడు ఐసు కొట్టి పొయ్యమన్నాడు. సరే పోశాం. అందులో ఈ బ్యాగు కూరి, 'ఇంకొంచెం కొండలా చెయ్యండి' అంటాడు! తనే చేతుల్తో ఎగదోసి, వేళ్ళు కొంకర్లు పోయి 'ఆ' 'ఊ' అని గెంతేడు. నా కళ్ళజోడు పడిపోయేలా నవ్వేను. ఉండండి, వీడియో ఉంది. ఫేస్‌బుక్‌లో కూడా పెట్టేను. ఎంతమంది చూసేరో!"

వీడియోలో కనకరాజు ఐసు గుట్ట చుట్టూ కోడిపుంజులా గెంతుతున్నాడు.

ఏళ్ళ తరబడి ఊరందరికీ మంచు అమ్మాడు గానీ ఆ మనిషి ఒక్క పూట మంచు మొహం చూడలేదు. చూసుంటే ఈ పొరపాటు చేసేవాడు కాదు. అతని లెక్కలో మంచన్నా ఐసన్నా ఒకటే. తెల్లగా ఉంటే చాలు, చల్లగా ఉంటే చాలు.

*

తిరిగొచ్చేసరికి జార్జి ఫోన్ చేతిలో పట్టుకుని నంబరు నొక్కుతున్నాడు.

"ఆపు," అంది పైడితల్లి ఆయాసపడుతూ. ఆమె ఒక చేతిలో కింద టీ దుకాణంలోంచి తెచ్చిన పెద్ద పళ్ళెం, ఇంకో చేతిలో పంచదార పొట్లం, మైదా పొట్లం.

"ఏటిది, పుట్టినరోజా?"

"వీడియో చూడు ముందు."

జార్జి చూశాడు. నల్లద్దాలు తీసి మళ్ళీ చూశాడు. కనకరాజు ముఖంలో రంగు మారింది గానీ మనిషి తొణకలేదు. "అవునమ్మా, నేనే తీసేను. ఇంట్లోవాళ్ళు ఏదో ఆధారం చూపించమంటారు కదా, వాళ్ళ మనశ్శాంతి కోసం. అంతమాత్రాన కుర్రాడు బతికున్నట్టా? చరియ పడింది నిజం. వెతికేవాళ్ళు కూడా చూసేరు. అడగండి జార్జి గారిని."

"అది నిజమే అక్కా," అన్నాడు జార్జి నెమ్మదిగా. "చరియ పడింది. పెద్దది. ఫొటో దొంగదే, సరే. కానీ సూరి దాని కింద లేడని దాంతో ఎలా తేలుతుంది?"

సరిగ్గా అడగవలసిన మాటే అడిగాడు. మూడు కావడానికి ఎంతో సేపు లేదు.

ఆమె పళ్ళెంలో పంచదార పలచగా పరిచింది. దాని మీద మైదా పోసి అరచేత్తో మెత్తగా అదిమింది. పలకలా బిగిసింది. "సూరి చెప్పిన పాఠం. మబ్బు లేకుండా రోజుల తరబడి చలి కొరికితే అడుగు మంచు ఇలా పంచదారలా గుల్లయిపోతాది. తర్వాత గాలి ఎక్కడెక్కడి మంచో ఎత్తుకొచ్చి దాని మీద పలకలా మేట వేస్తాది. పైకి చూస్తే దుప్పటిలా ఎంత ముద్దుగా ఉంటాదో! పట్టుకో జార్జీ, మెల్లగా వంచు."

జార్జి వంచాడు. ఏమీ కాలేదు.

"ఇంకా. మన పజుండౌంగ్ ఇంటి మెట్లంత వాలు."

పళ్ళెం మెట్లంత వాలింది. మైదా మీద అడ్డంగా సన్నటి గీత పడింది. పైడితల్లి చిటికెన వేలితో దాని మీద ఒక్కసారి తట్టింది. పలక మొత్తం ఒక్కసారిగా ఊడి, జర్రున జారి, జార్జి నల్ల ప్యాంటు నిండా పడింది.

"అయ్యో దేవుడా, ఇస్త్రీ ప్యాంటు!"

"అలాగే పడింది," అన్నారెవరో.

అందరూ కిటికీ వైపు తిరిగారు. మైకేల్ లేచి నిలబడున్నాడు. కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి.

"అలాగే పడింది అక్కా. మా వెనకాల. అడ్డంగా గీత పడింది, గుఫ్ మంది, కొండ కొండంతా జారిపోయింది. మేం అప్పటికే దాటేశాం. అందరం. సూరి మాతో లేడు."

"మైకేల్!" కనకరాజు బల్ల గుద్దాడు.

"ఇంక నావల్ల కాదు సార్. రోజూ కలలో ఆ మంచే." అతను పద్మిని వైపు తిరిగాడు. "పద్మినమ్మా, సూరి దారికి అడ్డంగా నిలబడ్డాడు. 'ఈ వాలు మీద ఎవర్నీ వెళ్ళనివ్వను, రెండు రోజులు గుడిసెలో ఆగుదాం' అన్నాడు. యాత్రికులు గొడవ చేసేరు. సార్‌కి ఫోన్ చేస్తే, 'వాణ్ణి అక్కడే వదిలేసి మీరు నడవండి' అన్నారు. ఒకాయన బ్యాగు పట్టీ తెగితే, తిట్టుకుంటూనే సూరి తన బ్యాగు ఇచ్చేడు, అదే ఇక్కడికొచ్చింది. ఫోన్ మా దగ్గరే ఉంది, పారా కర్రా తీసుకుని అతను గుడిసెలో ఉండిపోయేడు. మేం దాటేక దారి తెగిపోయింది. అటు నుంచి రావడానికి లేదు, ఇటు నుంచి వెళ్ళడానికి లేదు. తను వదిలెయ్యమన్న మాట బయటికి రాకూడదని, చరియ కింద పోయేడని సార్ చెప్పించేరు."

"అంటే అందరూ కనుమకి ఇవతల తవ్వుతున్నారు," అంది పైడితల్లి. "మనిషి అవతల కూర్చున్నాడు."

"గుడిసెలో బియ్యం ఉన్నాయి. కట్టెలూ ఉన్నాయి," అన్నాడు మైకేల్. "కానీ ఎప్పటికీ ఉండవు కదా."

పద్మిని ఏడవలేదు. గబగబా జార్జి ముందుకెళ్ళి నిలబడింది. "జార్జన్నా, నువ్వు ఎవరి మనిషివైనా కానీ. ఆ ఫోన్ చేస్తావా, చెయ్యవా?"

జార్జి కనకరాజు వైపు చూశాడు. తన ప్యాంటు మీది పిండి చూసుకున్నాడు. "ఈయన నాకు మంచని చెప్పి ఐసు అమ్మేడమ్మా. అలాంటి కస్టమరు నాకొద్దు," అని నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు.

*

వెతికేవాళ్ళ నాయకుడు ఊ టిన్ గొంతు గాలి హోరులో తేలుతూ వినిపించింది. దిబ్బ పక్కనున్న రాతిగట్టు మీదే డేరా వేసుకున్నారట. సంగతి వినగానే మారు మాట్లాడలేదు. గట్టు కొసకి ఎక్కి అవతలికి చూసి చెబుతామన్నాడు.

ఆ కాసేపు గదిలో ఎవరూ స్థిమితంగా లేరు. మైకేల్ టీలు తెప్పించాడు, ఎవరూ తాగలేదు. జార్జి ప్యాంటు దులుపుకున్నాడు, పిండి ఇంకా పాకింది. పైడితల్లి పద్మినిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, బిడ్డ కదిలిందా అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడిగేసరికి పద్మిని, "కదిలిందక్కా, నువ్వే కదలకుండా కూర్చోవాలి," అంది.

ఫోన్ మోగింది.

"పొగ!" ఊ టిన్ అరుస్తున్నాడు. "గుడిసె కప్పు మీంచి పొగ! మనిషి బయటికొచ్చేడు! కర్రకి లుంగీ కట్టి ఊపుతున్నాడు!"

గది గదంతా ఒక్కసారి ఎగిరినట్టయింది. పద్మిని పైడితల్లిని కావలించుకుంది, పైడితల్లి జార్జిని చరిచింది, జార్జి మైకేల్ వీపు మీద బాదాడు. ఫోన్‌లో అవతల మనుషులు ఈలలు వేస్తున్నారు.

"దిగుతున్నాం! మావాళ్ళు అప్పుడే వాలు మీదికి నడుస్తున్నారు. ఆయన కూడా రమ్మంటున్నాడు. లుంగీ పడేశాడు, చేతుల్తో పిలుస్తున్నాడు."

పైడితల్లి ఫోన్ మీదికి వంగింది. "చేతుల్తో ఎలా పిలుస్తున్నాడు? సరిగ్గా చెప్పండి."

"ఒక చెయ్యి పిడికిలి బిగించి పైకెత్తాడు. రెండో చేత్తో నెత్తి మీద తట్టుకుంటున్నాడు. సంతోషం పట్టలేక పోతున్నాడు, పాపం."

జార్జి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని బర్మా భాషలో గావుకేక పెట్టాడు. "ఆగండి! ఒక్క అడుగు వెయ్యొద్దు! వెనక్కి, రాతి మీదికి రండి!" తర్వాత తెలుగులో అన్నాడు. "అది రేవు సైగ అక్కా. మా నాన్న క్రేను కింద నిలబడి అదే చేసేవాడు. పిడికిలంటే ఆపు. నెత్తి తట్టడమంటే, బరువు నీ నెత్తి మీద వేలాడుతున్నాది."

అవతల అరుపులు, పరుగులు. తర్వాత, అంత దూరం నుంచి కూడా, అందరికీ వినిపించింది. గుఫ్.

ఆ తర్వాత వినిపించిన హోరు గాలిది కాదు.

పద్మిని పైడితల్లి వేళ్ళు విరిగిపోయేలా పట్టుకుంది. ఎంతసేపో తెలీదు.

"...ఉన్నాం," అంది ఊ టిన్ గొంతు, చిన్నగా. "అందరం ఉన్నాం. రాతి మీద. వాలు మొత్తం ఖాళీ. మా అడుగుల గుర్తులు కూడా లేవు."

"గుడిసె?" అంది పద్మిని.

"ఆగండి, ధూళి తగ్గనివ్వండి... ఉంది. గుడిసె ఉంది. ఆయన ఉన్నాడు. ఇప్పుడు అరచెయ్యి నేలకి పెట్టి వేళ్ళు ఆడిస్తున్నాడు. ఎడమకి చూపిస్తున్నాడు. ఏమంటున్నాడు?"

"మెల్లగా దింపమంటున్నాడు!" జార్జి నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, చెయ్యి నిండా ఉన్న పిండి మొహమంతా అయింది. "ఎడమ పక్క రాళ్ళ మీంచి మెల్లగా రండి అంటున్నాడు. ఇక బయం లేదు."

పైడితల్లి అప్పుడు కూర్చుంది. చల్లారిన టీ తీసి గటగటా తాగేసి, "పంచదార లేదేటి ఇందులో?" అంది. పంచదారంతా జార్జి బూట్ల మీద ఉంది. అందరూ పగలబడి నవ్వారు.

అందరూ అంటే మైకేల్ కాదు. అతను కనకరాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "చెప్పండి సార్. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

కనకరాజు మఫ్లరులోకి ముడుచుకుపోయాడు.

"వెతకడం ఇయాళే ఆపెయ్యాలని ఈయన ఎందుకు తొందరపడ్డారో తెలుసా అక్కా?" అన్నాడు మైకేల్. "రెండో గుంపు పొద్దున్నే బయల్దేరింది. అవతలి వైపు నుంచి. కొత్త గైడు, ఎనిమిది మంది యాత్రికులు. చేతిలో శాటిలైట్ ఫోన్ లేదు. సాయంత్రానికి ఆ గుడిసె పైనున్న ఇంకో వాలు మీదికి వస్తారు. అదీ ఇలాంటి మంచే, అందుకే సూరి వెనక్కీ పోలేకపోయేడు. మంచు బ్రహ్మాండంగా ఉందని చెప్పి పంపించేరు. కనుమలో శవం కోసం తవ్వేవాళ్ళు కనబడితే డబ్బు వెనక్కడుగుతారని ఈయన బయం."

నవ్వులు ఆగిపోయాయి.

"బాగుంటాదనే అనుకున్నాను," అన్నాడు కనకరాజు గోడ మీది ఫొటోల వైపు చూస్తూ. "తెల్లగా, ముద్దుగా..."

జార్జి అతని కాలరు పట్టుకోబోయాడు. పైడితల్లి ఆపింది. "తర్వాత. ఆ ఎనిమిది మందికీ కబురెలా అందుతాది? పుటావో నుంచి మనిషిని పంపితే రేపటికి గానీ చేరడు."

అప్పుడు పద్మిని లేచి వచ్చి, జార్జి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ గొంతులో అంతకంటే ఎక్కువ గర్వం ఉంది.

"ఊ టిన్ గారూ, నేను సూరి ఇంటిదాన్ని. మీరు ఆయన దగ్గరికి చేరగానే అన్నం పెట్టండి, వేడి నీళ్ళివ్వండి. తర్వాత నా మాటగా చెప్పండి. పై వాలు మీదికి ఎనిమిది మంది వస్తున్నారు, దారికి అడ్డంగా నిలబడాలి అని."

ఒక్క క్షణం ఆగి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఈసారి ఆయన్ని ఒంటరిగా నిలబడనివ్వకండి. మీరంతా కూడా పక్కన నిలబడండి."